కోచ్‌ని దేనితో కొలవాలి?

(అద్దంకిలో మా డ్రిల్లు మాస్టారి స్మారక సభలో చేసిన ప్రసంగానికి అచ్చుప్రతి. కుటుంబ సభ్యుల కోరిక మేరకు మాస్టారి పేరు బదులు ఊరంతా పిలిచిన పిలుపునే ఇందులో ఉంచాం.)

మాస్టారి దగ్గర ఆడినవాళ్లూ, ఆయన చేత దెబ్బలు తిన్నవాళ్లూ ఒకటేనని ఈ హాల్లో నవ్వుతున్న ముఖాలే చెబుతున్నాయి.

పోయినవారిని పొగడటం మన ఊరికి పాత విద్య. తెలుగు పద్యం చెక్కిన తొలి శాసనాల్లో ఒకటిగా పండితులు చెప్పే పండరంగడి శాసనం దొరికింది ఇక్కడే. 848 నాటిదంటారు. గుణగ విజయాదిత్యుడి సేనాని పండరంగడు పన్నెండు బోయ కొట్టాలు గెలిచాడని ఆ రాయి చెబుతుంది. ఆ గెలుపులకు ఆయన బంట్లు ఎంతమంది పోయారో, వాళ్లతో ఆయన ఎలా మెలిగాడో చెప్పదు. రాయి మీద చోటు తక్కువ. పైగా చెక్కించేది గెలిచినవాడి తరఫువాళ్లు. పదకొండు వందల ఏళ్లు దాటిపోయాయి, ఆటలు నేర్పేవాళ్ల గురించి మాట్లాడేటప్పుడు మాత్రం మనం ఇంకా శాసనాలే చెక్కుతున్నాం. ఎన్ని కప్పులు, ఎన్ని షీల్డులు, ఎందరికి ఉద్యోగాలు. అక్కడితో సరి.

ఈ సాయంత్రం ఆ పని చేస్తే మాస్టారే ఒప్పుకునేవారు కాదు. సన్మానాల సంగతి ఎత్తితే, “మ్యాచ్ అయిపోయింది గదా, నెట్టు విప్పండిరా” అనేవారు. అందుకని కాస్త ఇబ్బంది పెట్టే విషయమే ఎంచుకున్నాను. ఒక కోచ్ మంచివాడా కాదా అని వాదించుకుంటాం గదా, ఆ వాదనలో దేన్ని చూడాలి?

చూడాల్సినవి మూడు. ఆయన సాధించినది ఒకటి, సాధించిన పద్ధతి ఒకటి, ఆటగాళ్లతో మెలిగిన తీరు ఒకటి. వాదన మొదలయ్యేసరికి ఈ మూడూ కలగాపులగం అయిపోతాయి. గెలిపించాడు కాబట్టి పద్ధతి మంచిదే అంటాం. పద్ధతి మంచిది కాబట్టి పిల్లలు ఏడ్చినా పర్వాలేదంటాం. ఎదుటివాళ్లు దీన్ని తిరగేసి, పిల్లలు ఏడ్చారు కాబట్టి ఆ పతకాలకే విలువ లేదంటారు. నేను వీటిని విడదీసి చూస్తాను. అందుకు మనవాడినే ఉదాహరణగా తీసుకుంటాను.

సాధించినది

పుల్లెల గోపీచంద్ 1973 నవంబరు 16న నాగండ్లలో పుట్టారు. ఇంకొల్లు వైపు వెళ్లేవాళ్లకు తెలిసిన ఊరే. బ్యాడ్మింటన్ నేర్చుకున్నది హైదరాబాద్‌లో ఎస్.ఎం. ఆరిఫ్ గారి దగ్గర, ఆ తర్వాత బెంగళూరులో ప్రకాశ్ పదుకోనే అకాడమీలో. 1994లో మోకాలి లిగమెంటు తెగింది. ఆపరేషన్లు చేయించుకోవాల్సి వచ్చింది. ఇక అయిపోయిందనుకున్న మనిషి 1996 నుంచి వరసగా ఐదేళ్లు జాతీయ ఛాంపియన్‌గా నిలిచారు. 2001 మార్చి 11న బర్మింగ్‌హామ్‌లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ని 15-12, 15-6తో ఓడించి ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. 1980లో ప్రకాశ్ గెలిచాక ఆ కప్పు మన దేశానికి రావడం అది రెండోసారి. తర్వాత ఒక కూల్‌డ్రింక్ కంపెనీ ప్రకటన కోసం వస్తే, తాను తాగనిదాన్ని పిల్లల్ని తాగమని ఎలా చెబుతానని వద్దనేశారు.

అది ఆటగాడి చరిత్ర. కోచ్ చరిత్ర వేరే. 2003లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం గచ్చిబౌలిలో ఐదెకరాలు లీజుకిచ్చింది. స్థలం వచ్చింది గానీ కట్టడానికి డబ్బు లేదు. ఉన్న ఇల్లు తాకట్టు పెట్టారు. పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ ఐదు కోట్లు ఇచ్చారు. 2008లో అకాడమీ తెరుచుకుంది. అప్పటికి రెండేళ్ల ముందే, 2006లో, ఆయన జాతీయ జట్టుకు చీఫ్ కోచ్ అయ్యారు.

ఆ తర్వాతి జాబితా మీకు నోటికొచ్చు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో సైనా నెహ్వాల్‌కు కాంస్యం. 2014 కామన్వెల్త్ క్రీడల్లో పారుపల్లి కశ్యప్‌కు స్వర్ణం. 2016 రియోలో పి.వి. సింధుకు రజతం. 2017లో కిడాంబి శ్రీకాంత్‌కు ఒకే ఏడాదిలో ఇండొనేసియా, ఆస్ట్రేలియా, డెన్మార్క్, ఫ్రెంచ్ సూపర్ సిరీస్ టైటిళ్లు నాలుగూ. 2019 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో సాయి ప్రణీత్‌కు కాంస్యం. ఒక్క గురువు దగ్గర ఇంతమంది తయారు కావడం మన దేశంలో ఏ ఆటలోనూ తరచుగా జరగదు. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లు న్యాయంగా మాట్లాడుతున్నట్టు కాదు.

కానీ సాధించినది లెక్కగట్టేటప్పుడు రెండు చిక్కులున్నాయి. ఒకటి, ఏది ఎవరి ఖాతాలో రాయాలి? సైనాకు మొదట ఆట నేర్పినవాళ్లలో ఆరిఫ్ గారు ఉన్నారు. 2019లో బాసెల్‌లో సింధు ఒకుహారాను 21-7, 21-7తో చిత్తుచేసి ప్రపంచ ఛాంపియన్ అయిన నాటికి ఆమెతో పనిచేస్తున్నది కొరియా కోచ్ కిమ్ జీ హ్యున్. టోక్యో కాంస్యం నాటికి మరో కొరియా కోచ్ పార్క్ టే సాంగ్. రియో రజతం మాత్రం గోపీచంద్ కుర్చీలో కూర్చుని ఉండగా వచ్చింది. పతకం వెనక ఎందరి చేతులుంటాయో తెలిసీ మనం ఒక్క పేరే చెక్కుతాం.

రెండో చిక్కు ఇంకా పెద్దది. పతకాల జాబితా ఉంది గానీ, మధ్యలో ఆగిపోయినవాళ్ల జాబితా ఏ అకాడమీలోనూ ఉండదు. మన కల్లాల్లో మిరపకాయలు ఎండాక ఆడవాళ్లు కూర్చుని తాలు ఏరతారు. రంగు పోయిన ఆ తెల్ల కాయలకు కూడా గుంటూరు యార్డులో ఒక ధర పలుకుతుంది, రైతు లెక్కలో ఆ బస్తాలు కూడా పడతాయి. ఆటల్లో ఏరేసిన పిల్లకు ఆ లెక్క కూడా ఉండదు. పన్నెండేళ్లప్పుడు చేరి, పదిహేడేళ్లకు మోకాలు పోయి, చదువూ వెనకబడి ఇంటికొచ్చినవాళ్లు ఎంతమంది? ఈ సంగతి తెలియకుండా ఏ కోచ్ రికార్డయినా సగం రికార్డే. ఇది గోపీచంద్ గారి ఒక్కరి లోపం కాదు. మన మాస్టారి షీల్డుల బీరువాకు కూడా వర్తిస్తుంది.

సాధించిన పద్ధతి

రియోకు ముందు సింధు దగ్గర ఫోను మూడు నెలలు లేదు. గోపీచంద్ తీసి దాచేశారు. ఐస్‌క్రీం తిననివ్వలేదు. పతకం వచ్చిన రాత్రి ఆయన విలేఖరులతో, ముందు ఫోను తిరిగిచ్చేస్తాను, ఇక ఐస్‌క్రీం కూడా తినొచ్చు అన్నారు. దేశమంతా మురిసిపోయింది. మన ఇళ్లల్లో తండ్రులు ఆ వార్త చూపించి పిల్లల ఫోన్లు లాక్కున్నారు.

ఇంకో సంగతి ఉంది. సింధు చిన్నప్పుడు కోర్టులో మెత్తగా ఉండేవారు. పాయింటు గెలిచినా గొంతు లేచేది కాదు. ఆ మెత్తదనం ప్రత్యర్థికి బలమవుతుందని గోపీచంద్ అనుకున్నారు. ఒకరోజు అకాడమీలో మిగతా ఆటగాళ్లూ కోచ్‌లూ చూస్తుండగా కోర్టు మధ్య నిలబడి గట్టిగా అరవమన్నారు. సింధు అరవలేక ఏడ్చేశారు. తర్వాత నేర్చుకున్నారు. రియోలో ఆమె అరుపులు మనందరం టీవీలో విన్నాం.

ఈ రెంటినీ ఎలా చూడాలి? ఫోను విషయంలో నాకు పేచీ లేదు. ఇరవయ్యొకటేళ్ల క్రీడాకారిణి ఒలింపిక్స్ ముందు ఒప్పుకుని పెట్టుకున్న నియమం అది. ఆ నెలల్లో ఆయన కూడా తిండి తగ్గించి, ఆమెతో ప్రాక్టీసు ఆడగలిగేలా ఒళ్లు మలుచుకున్నారు. శిష్యురాలికి పెట్టిన కట్టుబాటు గురువూ పెట్టుకున్నాడంటే దానికో మర్యాద ఉంది. అరవమన్న సంగతి అంత తేలికగా నాకు మింగుడుపడదు. ఫలితం మంచిదే వచ్చింది. అందరి ముందూ నిలబెట్టడం వల్లే వచ్చిందా, తలుపు వేసి ఇద్దరే ఉన్నప్పుడు నేర్పినా వచ్చేదా అన్నది ఎవరూ తేల్చలేరు. గెలిచినవాళ్ల కథలోనే ఆ మెలిక ఉంది. ఏడ్చి గెలిచినవాళ్లను అడిగితే ఆ ఏడుపు మంచికే అంటారు. ఏడ్చి మానేసినవాళ్లను అడిగేవాళ్లు లేరు.

కఠినత్వం పేరు చెప్పి ఎక్కడిదాకా పోవచ్చో చూడాలంటే రగ్బీ వైపు చూడండి. అది మనం పెద్దగా ఆడని ఆటే అయినా దాని నుంచి నేర్చుకోవలసింది ఉంది. 2003 ప్రపంచ కప్పుకు ముందు దక్షిణాఫ్రికా కోచ్ రుడాల్ఫ్ స్ట్రాయిలీ తన జట్టును అడవిలో పోలీసుల శిక్షణ స్థావరానికి పంపారు. ఆ శిబిరానికి ఉక్కు తీగ అని అర్థం వచ్చే పేరు పెట్టారు. జాతీయ జట్టు ఆటగాళ్లను నగ్నంగా గులకరాళ్ల మీద పాకించారు. వణికించే నీళ్లలో నిలబెట్టి బంతుల్లోకి గాలి కొట్టించారు. జట్టు ఒక్కటవుతుందన్నది లెక్క. క్వార్టర్ ఫైనల్లో న్యూజిలాండ్ చేతిలో 29-9తో ఓడిపోయింది. తర్వాత ఆ ఫొటోలు బయటికొచ్చాయి, కోచ్ రాజీనామా చేశారు. ఒకవేళ ఆ కప్పు గెలిచి ఉంటే? ఆ శిబిరం పేరే ప్రపంచమంతా కోచింగ్ పుస్తకాల్లోకి ఎక్కేది. అందుకే పద్ధతిని ఫలితంతో కొలవకూడదంటాను. ఓడిపోయినందువల్ల అది తప్పు కాలేదు. గెలిచి ఉన్నా తప్పే.

దీనికి ఎదురుగా హైదరాబాద్ రహీం సాబ్‌ను నిలబెట్టి చూడండి. సయ్యద్ అబ్దుల్ రహీం, బడిపంతులు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది ఆయన చేతికిందే. 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన హయాంలోవే. కుర్రాళ్లకు కుడికాలు తప్ప ఎడమకాలు ఆడదని చూసి, వాటం లేని కాలితోనే ఆడాల్సిన పోటీలు పెట్టారు. అందులో అందరూ ఒకేలా తడబడతారు కాబట్టి ఎవరికీ సిగ్గు ఉండదు. ఆడుతూ ఆడుతూ రెండో కాలు నేర్చేసుకుంటారు. ఒక్కణ్ణి పట్టుకుని అందరి ముందూ నిలబెట్టకుండానే కొత్త విద్య నేర్పవచ్చు అనడానికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ అది.

అలాగని ఆయన్నీ దేవుణ్ణి చేయను. 1962 జకార్తాలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడితే, ఆయన్ని ముందుకు తెచ్చి ఫార్వర్డ్‌గా ఆడించారు. సెప్టెంబరు 4న ఫైనల్లో కొరియా మీద 2-1తో గెలిచిన ఆ ఆటలో జర్నైల్ ఒక గోలు కొట్టారు కూడా. అరవై ఏళ్లుగా దాన్ని వీరగాథలా చెప్పుకుంటున్నాం. తల దెబ్బల గురించి ఇవాళ తెలిసిన సంగతులతో చూస్తే, ఆ నిర్ణయం తీసుకునే అధికారం కోచ్‌కు ఉండకూడదు. డాక్టరుకు ఉండాలి. రహీం మరుసటి ఏడాది జూన్ 11న కేన్సర్‌తో పోయారు. ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ స్వర్ణం మనకు మళ్లీ రాలేదు.

వెళ్లిపోయినవాళ్లు

మూడోది, నా దృష్టిలో అసలైనది. ఆటగాళ్లతో మెలిగిన తీరు ఎప్పుడు బయటపడుతుంది? కలిసి ఉన్నప్పుడు కన్నా విడిపోయినప్పుడు ఎక్కువ బయటపడుతుంది.

2014 సెప్టెంబరులో సైనా గోపీచంద్ అకాడమీ వదిలి బెంగళూరులో విమల్ కుమార్ దగ్గరికి వెళ్లారు. ఆ వెళ్లిపోవడం తనను ఎంత బాధపెట్టిందో తర్వాత గోపీచందే బాహాటంగా చెప్పారు. చిన్నప్పటి నుంచి పెంచిన శిష్యురాలు గదా. ఇప్పుడు ఫలితం చూడండి. ఆ నవంబరులో సైనా చైనా ఓపెన్ గెలిచారు. 2015లో ప్రపంచ నంబర్ వన్ అయ్యారు, ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో రజతం తెచ్చారు. 2017లో మళ్లీ గోపీచంద్ దగ్గరికే వచ్చారు. ఆయన రానిచ్చారు. 2018 కామన్వెల్త్ క్రీడల ఫైనల్లో సింధును ఓడించి స్వర్ణం గెలిచారు.

ఇందులో ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అని పత్రికలు అప్పట్లో బోలెడు రాశాయి. నాకు అందులో కనిపించేది వేరే. సైనాకు వెళ్లడానికి ఇంకో చోటుంది. వెళ్లినా జాతీయ జట్టులో స్థానం పోలేదు. తిరిగి రావాలంటే తలుపు మూసి లేదు. ఈ మూడూ ఉంటే గురుశిష్యుల మధ్య ఎంత గొడవ వచ్చినా ఆట మిగులుతుంది. మూడింటిలో ఒక్కటి లేకపోయినా, గురువు దేవుడంతటి మంచివాడైనా, శిష్యుడు చిక్కులో ఉన్నట్టే.

అది తేలేది గుత్తా జ్వాల విషయంలో. అశ్విని పొన్నప్పతో కలిసి 2010లో కామన్వెల్త్ స్వర్ణం, 2011లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ కాంస్యం తెచ్చిన డబుల్స్ క్రీడాకారిణి. ఆమె ఏళ్ల తరబడి గట్టిగా అడిగిన ప్రశ్నలు రెండు. డబుల్స్‌ను ఎందుకు సవతి బిడ్డలా చూస్తున్నారు? జాతీయ చీఫ్ కోచ్‌గా జట్టు ఎంపికలో మాట చెల్లే మనిషే ప్రైవేటు అకాడమీ కూడా నడిపితే, ఆ అకాడమీ బయటివాళ్లకు న్యాయం ఎలా జరుగుతుంది? చాలామంది ఆమె నోటి దురుసుతనం గురించి మాట్లాడారు. ప్రశ్నకు సమాధానం చెప్పేకంటే ప్రశ్న అడిగిన తీరుకు వంక పెట్టడం తేలిక. ఆడపిల్ల అయితే మరీ తేలిక.

మొదటి ప్రశ్నకు కాలమే జవాబిచ్చింది. శ్రీకాంత్ మొదట డబుల్స్ ఆడే కుర్రాడు. ఆయన్ని సింగిల్స్‌కు మళ్లించింది గోపీచందే. అది గొప్ప చూపు, 2018లో శ్రీకాంత్ ప్రపంచ నంబర్ వన్ అయ్యారు. అయితే అప్పట్లో అకాడమీ మొగ్గు ఎటో కూడా అందులోనే తెలుస్తుంది. తర్వాత మలేసియా నుంచి టాన్ కిమ్ హర్ డబుల్స్ కోచ్‌గా వచ్చారు. గోపీచంద్ అకాడమీలో చేరిన అమలాపురం కుర్రాడు రంకిరెడ్డి సాత్విక్‌సాయిరాజ్‌నూ ముంబయి కుర్రాడు చిరాగ్ శెట్టినీ జోడీ చేశారు. ఆ జోడీ 2022లో థామస్ కప్పు గెలుపులో నిలబడింది, 2023లో ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది, ప్రపంచ నంబర్ వన్ అయింది. డబుల్స్‌కు విడిగా మనిషినీ సమయాన్నీ ఇస్తే ఏం జరుగుతుందో చూశాం. గోపీచంద్ గారమ్మాయి గాయత్రి కూడా ఇవాళ ఆడుతున్నది డబుల్సే. అంటే జ్వాల అడిగినది కోపంతో అడిగినా సబబైనదే అడిగారు.

రెండో ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. గోపీచంద్ పక్షపాతం చూపారని నేను అనడం లేదు. ఆయన వైపు నుంచి చెప్పుకోవలసిన మాటలున్నాయి. సైనా, సింధు ఎదురెదురుగా ఆడిన మ్యాచ్‌ల్లో ఆయన ఎవరి వైపూ కోచ్ కుర్చీలో కూర్చోలేదు. టోక్యోకు వెళ్లే కోచ్‌ల సంఖ్యకు పరిమితి వస్తే, తాను ఆగిపోయి ఇండొనేసియా కోచ్ అగుస్ ద్వి సాంతోసోను పంపారు. అలాంటి మనిషి మీద కూడా అనుమానం వచ్చే వీలుందంటే లోపం ఆ ఏర్పాటులో ఉంది. నేర్పేది, ఎంచేది, ఫిర్యాదు వినేది ఒకే మనిషి అయితే, ఆ మనిషి హరిశ్చంద్రుడైనా ఓడిపోయిన పిల్ల నమ్మదు. నమ్మాల్సిన అవసరమూ లేదు. జ్వాల ఇప్పుడు హైదరాబాద్ శివార్లలో సొంత అకాడమీ పెట్టుకున్నారు. ఆటకు ఇంకో తలుపు తెరుచుకుంది. మంచిదే. అన్నేళ్లు పట్టకుండా ఉండాల్సింది.

క్రికెటర్ మిథాలీ రాజ్ సంగతి కూడా గుర్తు చేస్తాను. 2018 నవంబరులో టీ20 ప్రపంచ కప్పు సెమీ ఫైనల్లో ఆమెను జట్టులోంచి తప్పించారు. కోచ్ రమేశ్ పొవార్ తనను అవమానించారని ఆమె బోర్డుకు లేఖ రాశారు. బ్యాటింగ్ స్థానం కోసం ఆమె బెదిరించారని ఆయన తన నివేదికలో రాశారు. రెండూ పత్రికల్లోకి వచ్చేశాయి. పొవార్ కాంట్రాక్టు ముగిసింది. 2021లో మళ్లీ ఆయనే కోచ్‌గా వచ్చారు, ఆమే కెప్టెన్, ఇద్దరూ కలిసి 2022 ప్రపంచ కప్పు ఆడించారు. అంతటి క్రీడాకారిణికి కూడా తన బాధ చెప్పుకోవడానికి ఒక ఈమెయిల్ తప్ప దారి లేకపోయింది. ఆ ఈమెయిల్ కూడా వీధిన పడింది. ఇక మన జడ్పీ హైస్కూల్లో తొమ్మిదో తరగతి పిల్ల ఎవరికి చెప్పుకుంటుంది?

మన మైదానం

ఇప్పుడు మాస్టారి దగ్గరికి వస్తాను. ఆయన కొడుకులు, కోడళ్లు ముందు వరసలో ఉన్నారు. ఏం చెప్పబోతున్నానో ముందే వాళ్లతో మాట్లాడాను, చెప్పమన్నారు.

తెల్లవారుజామున మైదానానికి మొదట వచ్చేది మాస్టారే. డాల్డా డబ్బా అడుగున చిల్లులు పొడిచి, అందులో సున్నం పోసి, తాడు పట్టుకోమని ఇద్దరు కుర్రాళ్లకు చెప్పి, వంగి కబడ్డీ కోర్టు గీతలు వేసేవారు. గీత వంకర పోతే చెరిపి మళ్లీ వేయాల్సిందే. బాల్ బ్యాడ్మింటన్ ఉన్ని బంతి చినిగిపోతే రాత్రి ఇంట్లో కూర్చుని ఆయనే కుట్టేవారు. మైదానానికి ఆలస్యంగా వస్తే గోడకుర్చీ. పాస్ సరిగా ఇవ్వకపోతే వీపు మీద ఒకటి. పొద్దున పొలంలో పత్తి తీసి, పత్తికాయ అంచులు గీసుకుపోయిన వేళ్లతో వచ్చిన పిల్లలకు మాత్రం ఆలస్యమైనా శిక్ష వేసేవారు కాదు. ఆ వేళ్లు చూసి బ్యాటు పట్టుకోవద్దని స్కోరు రాయడానికి కూర్చోబెట్టేవారు. ఆయన కఠినత్వానికి కళ్లున్నాయి. అది నిజం.

ఇంకో నిజం కూడా ఉంది. బాల్ బ్యాడ్మింటన్ బాగా ఆడే ఒక అమ్మాయి జ్వరంతో ఉందని తెలిసీ, నాలుగు రౌండ్లు పరిగెడితే చెమట పట్టి అదే పోతుందని మాస్టారు అన్నారు. మూడో రౌండులో పడిపోయింది. మర్నాటి నుంచి వాళ్ల నాన్న పంపలేదు. మాస్టారు బత్తాయిలు కొనుక్కుని వాళ్లింటికి వెళ్లారు, వాకిట్లోనే చాలాసేపు కూర్చున్నారు. అయినా ఆ అమ్మాయి మళ్లీ ఆడలేదు. ఆవిడ ఇప్పుడు మిరప కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాస్తున్నారు. ఈ ప్రసంగం కోసం వెళ్లి అడిగితే, “మాస్టారి మీద నాకు కోపం లేదండీ. ఆ పూట పరిగెత్తలేనని ఆయనకి చెప్పడానికి భయం. చెప్పడానికి ఇంకెవరూ లేరు. ఉన్నట్టయితే ఆడేదాన్నే” అన్నారు.

ఒలింపిక్ కోచ్ విషయంలోనూ మన డ్రిల్లు మాస్టారి విషయంలోనూ నేను తేల్చుకున్నది ఇదే. కోచ్ మనసు మంచిదా కాదా అన్నది కొలిచే సాధనం మన దగ్గర లేదు. కొలవగలిగింది ఒకటుంది. ఆయన ఎదుట ఆ పిల్ల “వద్దు” అనగలదా? అన్నాక కూడా ఆడగలదా? ఆడలేనని తేలితే ఇంకో చోటికి పోగలదా? ఈ వీలున్న చోట కఠినమైన కోచ్ కూడా మేలే చేస్తాడు. ఇది లేని చోట మెత్తని కోచ్ దగ్గరా ప్రమాదమే. ఎందుకంటే ఆయన తర్వాత అదే కుర్చీలోకి వచ్చేవాడు మెత్తనివాడే అవుతాడని ఎవరు హామీ ఇస్తారు?

మన ప్రాంతంలో ఈ వీలు మరీ తక్కువ. 2025 ఫిబ్రవరిలో గోపీచంద్ ఒక మాట అంటే దేశమంతా దుమారం రేగింది. డబ్బున్నవాళ్లు, కుటుంబ వ్యాపారం ఉన్నవాళ్లు తప్ప పిల్లల్ని ఆటల్లో పెట్టవద్దనే తల్లిదండ్రులకు చెబుతానన్నారు. ఇల్లు తాకట్టు పెట్టి అకాడమీ కట్టిన మనిషి అనాల్సిన మాటేనా అని కొందరు బాధపడ్డారు. నాకైతే అది ఆయన అన్నవాటన్నిటిలోకీ నిజాయితీ గల మాటగా తోచింది. పత్తికి గులాబీ పురుగు తగిలి, మిరపకు ధర పడిపోయి, కౌలు కట్టడానికే అప్పు చేసే ఇంట్లో పిల్లను స్పోర్ట్స్ హాస్టల్‌లో వేశారంటే ఆ ఇల్లు ఆ ఒక్క కోచ్ మీద పందెం కాసినట్టే. ఆ పిల్ల “వద్దు” అనాలంటే ఇంటి మొత్తం ఆశను కాదనాలి. అధికారం అలా పోగవుతుంది. కోచ్ అడగకపోయినా పోగవుతుంది. పేదరికం ఎక్కువయ్యేకొద్దీ కోచ్‌ను ప్రశ్నించే నోరు తగ్గుతుంది.

2025 ఆగస్టులో పార్లమెంటు జాతీయ క్రీడా పరిపాలన చట్టం చేసింది. ఆడపిల్లలూ మైనర్లూ భద్రంగా ఆడుకునే విధానం ఉండాలని, క్రీడాకారుల ఫిర్యాదులు వినే ఏర్పాటు ఉండాలని, తగువులకు ట్రిబ్యునల్ ఉండాలని అందులో ఉంది. వేధింపుల మీద న్యాయం కోసం రెజ్లర్ అమ్మాయిలు ఢిల్లీ ఫుట్‌పాత్ మీద పడుకున్నాక వచ్చిన చట్టం. స్వాగతిద్దాం. కానీ అది మాట్లాడేది జాతీయ సంఘాల గురించి. సున్నం గీతలు వేసే మన మైదానం దాకా రావాలంటే మనమే తేవాలి.

దానికి కోట్లు అక్కర్లేదు. జట్టును ఎంచే రోజు నేర్పిన మాస్టారు ఒక్కరే కాకుండా పక్క ఊరి బడి నుంచి ఇంకో ఇద్దరు కూర్చోవాలి. జ్వరం, దెబ్బ, నెలసరి విషయంలో ఆడాలా వద్దా అన్నది మాస్టారు కాక ఏఎన్ఎం గానీ ఆర్ఎంపీ గానీ చెప్పాలి. ఆడపిల్లల జట్టుతో ఊరు దాటి వెళ్లినప్పుడు ఒక తల్లి వెంట ఉండాలి. చెయ్యి చేసుకోవడం ఉండకూడదు. విద్యాహక్కు చట్టం 2009లోనే బడిలో కొట్టడాన్ని నిషేధించింది. మైదానం కూడా బడే.

చివరిగా ఒక్క కోరిక. మాస్టారు నడిపిన ఆటల రిజిస్టరు వాళ్లబ్బాయి నాకు చూపించారు. ప్రతి ఏడూ జట్టు పేర్లు, గెలిచిన ఓడిన స్కోర్లు, షీల్డుల వివరాలు ముత్యాల్లాంటి అక్షరాలతో ఉన్నాయి. మధ్యలో కొన్ని పేర్ల మీద ఎర్ర సిరాతో గీత. ఎందుకో లేదు. ఇవాళ బడిలో ఆ రిజిస్టరు రాస్తున్న వ్యాయామ ఉపాధ్యాయులు ఈ సభలో ఉన్నారు. ఈ ఏడాది నుంచి దానికి ఒక గడి అదనంగా గీయండి. మానేసినవాళ్లు ఎవరు, ఎందుకు మానేశారు. ఆ గడి మాస్టారు కాకుండా పిల్లలో, వాళ్ల అమ్మానాన్నలో నింపాలి. వచ్చే ఏడు ఈ వేదిక మీద షీల్డుల లెక్కతోపాటు ఆ గడి కూడా చదవాలి. మాస్టారి పేరు మీద మనం పెట్టే స్మారకం అదే కావాలని నా మనవి.